రేయాన్ చెట్టు నుంచి వస్తుందా, ప్లాస్టిక్కా? ఉతికితే ఎందుకు పొట్టిదవుతోంది?

తార్నాక అక్క
ఆదివారం, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. పోయిన నెల జనరల్ బజార్‌లో ఒక కొట్లో మా ఇద్దరమ్మాయిలకీ నాకూ కలిపి తొమ్మిది మీటర్ల రేయాన్ బట్ట తీసుకున్నాను. నీలం మీద తెల్లపువ్వుల ప్రింటు. చేత్తో పట్టుకుంటే నీళ్లలా జారేంత మెత్తగా ఉంది. ఆరు మీటర్లతో కుర్తీలు కుట్టించాను. మొదటి ఉతుకులోనే పెద్దమ్మాయి కుర్తీ పొడవు 44 అంగుళాల నుంచి 41న్నరకి వచ్చేసింది. నాదైతే బకెట్లోంచి తీసి గట్టిగా పిండేసరికి చంక కింద చిరిగిపోయింది. కుట్టు ఊడలేదండీ, బట్టే చిరిగింది.

కొన్నప్పుడు కొట్లో అబ్బాయి "ఇది న్యాచురల్ మేడమ్, చెట్టు నుంచి వస్తుంది" అన్నాడు. మా ఆడపడుచేమో "రేయాన్ అంటే ప్లాస్టిక్ వదినా, పాలిస్టర్ లాంటిదే" అంటోంది. ఎవరి మాట నిజం? ఇంకా మూడు మీటర్లు అల్మారాలో ఉంది. కత్తెర పెట్టాలంటే భయంగా ఉంది.

కుట్టుమిషన్ చిక్కడపల్లి
ఆదివారం, రాత్రి 9.40

అక్కా, కుట్టే ముందు బట్ట తడిపారా? తడపకుండా కుట్టిన రేయాన్ పొట్టిదవకుండా ఉండదు. నా దగ్గరికి వచ్చే ప్రతి రేయాన్ ముక్కనీ ముందు నీళ్లలో ముంచి తెమ్మంటాను. పెళ్లి తొందరలో తేలేమన్నవాళ్లకి పొడవులో రెండంగుళాలు, అడుగున మడతలో ఇంకో అంగుళంన్నర వదిలి కుడతాను. చిరగడం సంగతి మాత్రం వేరే వాళ్లు చెప్పాలి. తడిగా ఉన్నప్పుడు అది బలం లేని బట్ట అని చేతికి తెలుసు, ఎందుకో తెలియదు.

కార్బన్ టీచర్
ఆదివారం, రాత్రి 10.25

డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఇది నాకు చాలా ఇష్టమైన పాఠం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పత్తి, కాగితం, వెదురు, జనపనార, టేకు దుంగ, వీటన్నిటిలో ముఖ్యమైన పదార్థం ఒకటే. దాని పేరు సెల్యులోజ్. గ్లూకోజ్ ముక్కలు వేల సంఖ్యలో గొలుసులా అతుక్కుంటే సెల్యులోజ్ అవుతుంది. పత్తిలో అది 90 శాతానికి పైనే ఉంటుంది, పైగా పోగులాగే పెరుగుతుంది, కాబట్టి ఏరి వడికితే చాలు. కలపలో సెల్యులోజ్ సుమారు సగమే. మిగతాది లిగ్నిన్ అనే జిగురు, ఇంకొన్ని పదార్థాలు. కలపలోని సెల్యులోజ్ పోగు చాలా పొట్టిది, నూలు వడకడానికి పనికిరాదు. అందుకని దాన్ని బయటికి లాగి, ద్రవంగా కరిగించి, సన్నని రంధ్రాల్లోంచి నెట్టి, మళ్లీ ఘనంగా మారుస్తారు. అలా వచ్చేదే రేయాన్. పాలిస్టర్, నైలాన్ పెట్రోలియం నుంచి వచ్చేవి. రేయాన్‌కి వాటితో చుట్టరికం లేదు.

కాబట్టి కొట్లో అబ్బాయి చెప్పినదాంట్లో చెట్టు మాట నిజం, న్యాచురల్ మాట నిజం కాదు. మీ ఆడపడుచుగారు అన్న ప్లాస్టిక్ మాట తప్పు. ఫ్యాక్టరీలో తయారవుతుందన్న ఉద్దేశంతో అని ఉంటే అంతవరకూ ఒప్పే.

ఇక చిరగడం. పత్తిలో ఒక్కో గొలుసు చాలా పొడవుగా, పక్కవాటితో గట్టిగా అల్లుకుని ఉంటుంది. రేయాన్ తయారీలో ఆ గొలుసుల్ని కావాలనే తెంపి పొట్టివి చేస్తారు, లేకపోతే ద్రవం మరీ చిక్కబడి రంధ్రాల్లోంచి రాదు. పైగా రేయాన్ పోగు లోపల వదులుగా సర్దుకున్న భాగం ఎక్కువ. నీళ్లు సులువుగా దూరిపోతాయి, పోగు ఉబ్బుతుంది, గొలుసుల మధ్య పట్టు సడలుతుంది. మామూలు రేయాన్ (దీన్నే విస్కోస్ అంటారు) తడిస్తే దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది. పత్తి తడిస్తే బలం పెరుగుతుంది. మీరు పత్తి బట్టని పిండినట్టే దీన్నీ పిండారు, అదే జరిగింది.

స్పిన్నింగ్ షిఫ్ట్
సోమవారం, ఉదయం 5.50

టీచర్‌గారూ, బాగా చెప్పారు. నేను ఇరవై రెండేళ్లు వేరే రాష్ట్రంలో ఒక విస్కోస్ ప్లాంటులో పనిచేసి రిటైరై, ఇప్పుడు మౌలాలిలో ఉంటున్నాను. మీరు ఒక్క వాక్యంలో చెప్పిన "కరిగించి, నెట్టి, మళ్లీ ఘనంగా" వెనక రెండు రోజుల పని ఉంటుంది. అది నా కళ్ల ముందు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. రాస్తాను.

గుజ్జు మా దగ్గరికి అట్టల్లా వస్తుంది. తెల్లగా, అద్దుడు కాగితంలా మెత్తగా ఉంటుంది. ఇది మామూలు కాగితం గుజ్జు కాదు, లిగ్నిన్ బాగా తీసేసి శుభ్రం చేసిన రేయాన్ గ్రేడ్ గుజ్జు. దీన్ని సుమారు 18 శాతం గాఢత ఉన్న కాస్టిక్ సోడాలో నానబెడతాం. సెల్యులోజ్ ఉబ్బి సోడియంతో కలుస్తుంది, పనికిరాని పొట్టి గొలుసులు సోడాలోకి దిగిపోతాయి. తర్వాత ప్రెస్సులో పిండి మిగులు సోడా తీసేసి, ముద్దని మరలో వేసి తురుముతాం. అచ్చం కొబ్బరికోరులా ఉంటుంది, మేం క్రంబ్ అనేవాళ్లం.

ఆ కోరుని కొన్ని గంటలు గాలి తగిలేలా, లెక్క ప్రకారం వేడిలో మాగబెడతాం. టీచర్‌గారు చెప్పిన గొలుసులు తెగడం ఇక్కడే జరుగుతుంది. ఎక్కువసేపు మాగితే పోగు బలహీనం, తక్కువసేపు మాగితే ద్రవం ముద్ద. షిఫ్ట్ ఇంజనీరు టెన్షన్ అంతా ఆ ఉష్ణోగ్రత మీదే.

మాగిన కోరుని మూసిన డ్రమ్ములోకి వేసి కార్బన్ డైసల్ఫైడ్ పంపిస్తాం. సెల్యులోజ్ బరువులో దాదాపు మూడో వంతు పడుతుంది. తెల్లకోరు మెల్లగా పసుపై, చివరికి నారింజ రంగుకి తిరుగుతుంది. దాన్ని పలచని కాస్టిక్‌లో కలిపితే పూర్తిగా కరుగుతుంది. తేనె రంగు, తేనె చిక్కదనం. అదే విస్కోస్. చెట్టు ద్రవమై పైపుల్లో పారుతోందంటే నమ్ముతారా? కొత్తగా చేరిన రోజు నేను గాజుకిటికీ ముందు పది నిమిషాలు నిలబడిపోయాను.

ఆ ద్రవాన్ని వడకడతాం, మళ్లీ వడకడతాం, ఇంకా వడకడతాం. తర్వాత వాక్యూమ్‌లో పెట్టి గాలి బుడగలు లాగేస్తాం. ఒక్క బుడగ రంధ్రం దగ్గరికి వచ్చిందంటే పోగు అక్కడ తెగుతుంది.

కార్బన్ టీచర్
సోమవారం, ఉదయం 7.05

సార్, దయచేసి ఆపకండి. స్పిన్నింగ్ గురించి కూడా రాయండి. మా పిల్లలకి చదివి వినిపిస్తాను.

స్పిన్నింగ్ షిఫ్ట్
సోమవారం, ఉదయం 11.30

రేషన్ షాపు పని చూసుకుని వచ్చాను. ఇక స్పిన్నింగ్.

ఇంట్లో మురుకుల గొట్టంలో పిండి పెట్టి నూనెలోకి వత్తుతాం కదా, సూత్రం అదే. గొట్టం బదులు స్పిన్నరెట్ అని చిన్న టోపీలాంటి ముక్క ఉంటుంది. బంగారం, ప్లాటినం కలిపిన లోహంతో చేస్తారు. ఆడంబరానికి కాదు. లోపలి వైపు కాస్టిక్, బయటి వైపు సల్ఫ్యూరిక్ ఆమ్లం, రెండిటినీ తట్టుకునే లోహం కావాలి మరి. రంధ్రాలు వెంట్రుక మందం కంటే సన్నగా ఉంటాయి. దూదిలా ముక్కలుగా కోసే రకానికి ఒక్కో స్పిన్నరెట్‌లో వేల రంధ్రాలు. ప్రతి ముక్కనీ లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకునేవాళ్లు.

నూనె బదులు తొట్టిలో సల్ఫ్యూరిక్ ఆమ్లం, సోడియం సల్ఫేట్, కొంచెం జింక్ సల్ఫేట్ ఉంటాయి. ద్రవం రంధ్రంలోంచి ఆ తొట్టిలోకి రాగానే అందులోని సల్ఫేట్ ఉప్పు దాన్ని గడ్డకట్టిస్తుంది. ఆమ్లం కార్బన్ డైసల్ఫైడ్‌ని విడగొట్టి బయటికి పంపుతుంది. మిగిలేది మళ్లీ సెల్యులోజే. వేసినదే తిరిగి వచ్చింది, ఆకారమే మారింది. జింక్ పని ఏమిటంటే, ఆ మార్పుని కాస్త నెమ్మది చేయడం. పోగు ఇంకా పచ్చిగా ఉండగానే సాగదీయాలి. సాగదీస్తేనే గొలుసులు ఒకే దిక్కుకి తిరిగి బలం వస్తుంది.

తర్వాత రెండు దారులు. ముక్కలుగా కోస్తే స్టేపుల్ ఫైబర్. పత్తి మిల్లుల్లో నడవాలని 38 మిల్లీమీటర్ల పొడవు కోయడం చాలా మామూలు. కోయకుండా పొడవాటి పోగుగానే చుడితే ఫిలమెంట్, పట్టులా మెరుస్తుంది. తర్వాత కడగడం, గంధకం తీయడం, బ్లీచింగ్, మెత్తదనానికి ఫినిష్, ఆరబెట్టడం, బేలు కట్టడం. అక్క కొన్న మెత్తటి కుర్తీ బట్ట స్టేపుల్ నుంచి వడికిన నూలే అయి ఉంటుంది.

పోచంపల్లి పోగు
సోమవారం, మధ్యాహ్నం 2.15

మాది నేత కుటుంబం. ఫిలమెంట్ మాట వచ్చింది కాబట్టి ఒక మాట. బజార్లో "ఆర్ట్ సిల్క్" అంటే కళ అనుకుంటారు చాలామంది. ఆ ఆర్ట్ అంటే ఆర్టిఫిషియల్, కృత్రిమ పట్టు. మొదట్లో ఆ పేరుతో వచ్చింది రేయాన్ ఫిలమెంటే. ఇప్పుడు పాలిస్టర్‌ని కూడా అదే పేరుతో అమ్ముతున్నారు. అసలు పట్టు చీర కొనేవాళ్లు సిల్క్ మార్క్ లేబుల్ చూసుకోండి. అనుమానం ఉంటే చెంగు కుచ్చులోంచి ఒక పోగు తీసి కాల్చండి. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన, రేయాన్ కాలితే కాగితం కాలిన వాసన.

రేయాన్ పడుగు (బట్టలో పొడవువైపు ఉండే పోగులు) మీద పనిచేసినవాళ్లకి ఇంకో సంగతి తెలుసు. గంజి పట్టించేటప్పుడు పోగు తడిగా ఉండగా లాగుడు ఎక్కువైతే సాగిపోతుంది. సాగిన పోగుతో నేసిన బట్ట తర్వాత నీళ్లు తగలగానే వెనక్కి ముడుచుకుంటుంది. అక్క కుర్తీ పొడవు తగ్గడానికి అదే కారణం.

కార్బన్ టీచర్
సోమవారం, సాయంత్రం 4.00

సరిగ్గా చెప్పారన్నా. నేత, అద్దకం, ఫినిషింగ్, ప్రతి దశలో బట్టని పొడవువైపే లాగుతారు. అందుకే ముడుచుకోవడమూ ఎక్కువగా పొడవులోనే.

ఉప్పల్ నాన్న
సోమవారం, రాత్రి 8.30

మా పాపకి ఐదు నెలలు. "100 శాతం బ్యాంబూ, సహజమైనది, బ్యాక్టీరియాని చంపుతుంది" అని రాసిన టవళ్లు, జుబ్బాలు ఆన్‌లైన్‌లో రెట్టింపు ధరకి కొన్నాను. పైన చదివాక అనుమానం వచ్చింది. ఇది కూడా రేయానేనా?

కార్బన్ టీచర్
సోమవారం, రాత్రి 9.05

దాదాపు ఖాయంగా రేయానే తమ్ముడూ. వెదురుని నేరుగా నార తీసి వడికితే బట్ట గరుగ్గా ఉంటుంది, పాప చర్మానికి పనికిరాదు. మెత్తగా ఉందంటే వెదురు గుజ్జుని విస్కోస్ పద్ధతిలో కరిగించి తీసినదే. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ 2009లో దీనిమీద కేసులు పెట్టింది, 2010లో 78 రిటైల్ కంపెనీలకి హెచ్చరిక ఉత్తరాలు పంపింది. రేయాన్‌ని వెదురు అని అమ్మకూడదు, వెదురు నుంచి తీసిన రేయాన్ అని రాయాలి అని. మొక్కలో ఏవైనా సూక్ష్మజీవుల్ని అడ్డుకునే గుణాలు ఉన్నా, ఇంత రసాయన ప్రక్రియ తర్వాత బట్టలో మిగులుతాయని చెప్పడానికి ఆధారం లేదని కూడా వాళ్లు చెప్పారు.

బట్ట మాత్రం పారేయకండి. మెత్తనిది, చెమట పీల్చేది, పాపకి హాయిగా ఉంటుంది. మామూలు వాతావరణంలో రేయాన్ తన బరువులో 11 నుంచి 13 శాతం తేమని పట్టుకోగలదు. పత్తి సుమారు 8, పాలిస్టర్ అర శాతం కూడా కాదు. మన ఏప్రిల్, మే నెలల్లో పాలిస్టర్ వేసుకుని సిటీ బస్సెక్కినవాళ్లకి ఈ తేడా ఒంటికే తెలుస్తుంది.

బ్లౌజ్ వర్క్ దిల్‌సుఖ్‌నగర్
సోమవారం, రాత్రి 10.10

నేను మగ్గం వర్క్, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేయిస్తాను. మేం "సిల్క్ దారం" అని పిలిచే మెరుపు రీళ్లలో చాలా భాగం విస్కోస్ రేయానే. పాలిస్టర్ దారం గట్టిది, రంగు పోదు, కానీ ఆ మెరుపు కంటికి గుచ్చినట్టు ఉంటుంది. రేయాన్ మెరుపు తగ్గి ఉంటుంది, పువ్వు రేకులు నింపితే పట్టులా కనబడుతుంది. స్కూల్ యూనిఫామ్ బ్యాడ్జీలకి పాలిస్టర్, పెళ్లి జాకెట్లకి రేయాన్. బ్లీచింగ్ పొడి తగలనివ్వకండి, రంగు పోతుంది.

నాలుగో అంతస్తు
మంగళవారం, ఉదయం 8.20

అందరూ బట్ట గురించి మాట్లాడుతున్నారు, బాగుంది. కానీ కార్బన్ డైసల్ఫైడ్ అన్న మాట దాటిపోయారు. నేను చదివినంతలో అది చాలా విషపూరితం. "చెట్టు నుంచి వచ్చింది" అని ఆకుపచ్చ ట్యాగ్ వేసి అమ్మేటప్పుడు ఆ ఫ్యాక్టరీలో గాలి పీల్చిన మనిషి గురించి ఎవరూ రాయరు. స్పిన్నింగ్ షిఫ్ట్ గారూ, మీరు చూసింది చెప్పగలరా?

స్పిన్నింగ్ షిఫ్ట్
మంగళవారం, మధ్యాహ్నం 12.45

మంచి ప్రశ్న అడిగారు. ఇది రాయడానికి కొంచెం సమయం తీసుకున్నాను.

కార్బన్ డైసల్ఫైడ్ నీళ్లలా ఉండే ద్రవం, ఇట్టే ఆవిరైపోతుంది. దాని ఆవిరి గాలి కంటే బరువు, నేలమీద పాకుతుంది. నిప్పురవ్వ కూడా అక్కర్లేదు, బాగా కాలిన స్టీమ్ పైపు తగిలినా అంటుకుంటుంది. అందుకే నిల్వ తొట్టిలో దానిపైన నీటి పొర ఉంచుతారు. అది నీళ్ల కంటే బరువు కాబట్టి అడుగునే ఉంటుంది.

స్పిన్నింగ్ హాల్లో తొట్టి దగ్గర రెండు వాయువులు వస్తాయి. ఒకటి ఇదే, రెండోది హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన కోడిగుడ్డు వాసన. రెండోది ఎక్కువైతే ముక్కు ఆ వాసన పట్టడమే మానేస్తుంది. వాసన రావట్లేదు, అంతా బాగుంది అనుకున్నవాడు అక్కడే పడిపోవచ్చు. పోగు తెగినప్పుడు మిషన్‌కి ఉన్న కిటికీ ఎత్తి చెయ్యి లోపల పెట్టి మళ్లీ ఎక్కించాలి. రోజులో ఎన్నోసార్లు. ఆ క్షణంలో ముఖం తొట్టి మీదే ఉంటుంది.

నాతో పనిచేసిన ఒకాయనకి నలభై ఐదేళ్లకే వేళ్లు తిమ్మిరెక్కి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. ఇంకొకాయన నిద్ర పట్టక, చిన్నదానికే కోపంతో ఊగిపోయేవాడు. ఇంట్లోవాళ్లు తాగుడు అనుకున్నారు. ఆయన తాగేవాడు కాదు. నరాల మీద, మెదడు మీద, గుండె మీద ఈ రసాయనం పనిచేస్తుందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మాస్కులు ఇచ్చేవాళ్లు. ఆ వేడిలో, ఎనిమిది గంటల షిఫ్టులో ఎవరూ పూర్తిగా పెట్టుకోలేకపోయేవారు. మాస్కు కంటే ముందు ఆ మిషన్ కిటికీలు మూసి ఉండాలి, గాలి లాగే ఫ్యాన్లు నడవాలి. నేను సూపర్‌వైజర్ అయ్యాక ఒక్క పట్టు పట్టాను. ఫ్యాన్ ఆగితే లైను ఆగాలి. ఉత్పత్తి తగ్గిందని మాటలు పడ్డాను. ఈరోజు కూడా ఆ పట్టు సరైనదే అంటాను.

నాలుగో అంతస్తు
మంగళవారం, మధ్యాహ్నం 3.10

నమస్కారం సార్. ఇది చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

చదివినవాళ్ల కోసం ఒక నిజం ఇక్కడ పెడుతున్నాను. దక్షిణ కొరియాలో వొన్‌జిన్ రేయాన్ అనే ఫ్యాక్టరీ ఉండేది. 1960లలో జపాన్ నుంచి పాత యంత్రాలు తెచ్చి పెట్టారు. వందల మంది కార్మికులు కార్బన్ డైసల్ఫైడ్ విషానికి గురయ్యారు, పక్షవాతం, మతిస్థిమితం తప్పడం వంటివి వచ్చాయి. పెద్ద పోరాటం జరిగాక 1993లో మూతపడింది. నీళ్ల సంగతి కూడా ఉంది. కేరళలో మావూరు రేయాన్ గుజ్జు ఫ్యాక్టరీ వల్ల చాలియార్ నది పాడైందని జనం ఏళ్ల తరబడి ఉద్యమం చేశారు, ఆ ఫ్యాక్టరీ 2001లో మూతపడింది.

కార్బన్ టీచర్
మంగళవారం, సాయంత్రం 5.30

ఇవన్నీ తెలుసుకునే బట్ట కొనాలి. ఇప్పటి మంచి ప్లాంట్లలో ఆ వాయువుల్ని బయటికి వదలకుండా పట్టి, కార్బన్ డైసల్ఫైడ్‌ని తిరిగి వాడతారు, మిగిలిన గంధకంతో సల్ఫ్యూరిక్ ఆమ్లం చేసుకుంటారు. ఎంతవరకు పడుతున్నారన్నదే ప్లాంటుకీ ప్లాంటుకీ మధ్య తేడా.

ఇంకో దారి లయోసెల్. ఇందులో కార్బన్ డైసల్ఫైడ్ లేదు. ఎన్‌ఎమ్‌ఎమ్‌ఓ అనే ద్రావణి గుజ్జుని నేరుగా కరిగిస్తుంది, ఆ ద్రావణిలో 99 శాతానికి పైగా తిరిగి పట్టుకుని మళ్లీ వాడతారు. టెన్సెల్ అన్న ట్యాగ్ చూసి ఉంటారు, అది ఆస్ట్రియాలోని లెంజింగ్ కంపెనీ బ్రాండు. తడిసినా బలం పెద్దగా తగ్గదు. ధర ఎక్కువ. మోడల్ (Modal) అని ట్యాగ్ ఉన్నది విస్కోస్ పద్ధతిలోనే, మార్పులతో, తడి బలం పెంచి చేసినది. నా వరకు, రోజూ వేసుకునేదానికి డబ్బు సరిపోతే లయోసెల్ కొంటాను.

సిర్పూర్ మనవడు
మంగళవారం, రాత్రి 9.50

మా తాతయ్య కాగజ్‌నగర్‌లో సిర్‌సిల్క్‌లో పనిచేశారు. నిజాం ప్రభుత్వ హయాంలో పునాది పడిన కంపెనీ అది. చిన్నప్పుడు "మన దగ్గర కర్రనుంచి పట్టు తీసేవాళ్లం" అని చెబితే కథ అనుకునేవాణ్ణి. సిర్‌సిల్క్ కూడా ఇదే పద్ధతిలో చేసేదా? అది 1980లలో మూతపడింది, తాతయ్య ఇప్పుడు లేరు, అడగడానికి ఎవరూ లేరు.

స్పిన్నింగ్ షిఫ్ట్
బుధవారం, ఉదయం 6.15

బాబూ, మీ తాతగారిది ఎసిటేట్ రేయాన్. పేరులో రేయాన్ ఉన్నా దారి వేరు. సెల్యులోజ్‌ని ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో కలిపి సెల్యులోజ్ ఎసిటేట్ చేస్తారు. దాన్ని ఎసిటోన్‌లో కరిగించి స్పిన్నరెట్ ద్వారా వేడిగాలిలోకి వదులుతారు. ఎసిటోన్ ఆవిరైపోతుంది, పోగు మిగులుతుంది. ఆమ్లపు తొట్టి ఉండదు. మా విస్కోస్‌లో చివరికి మిగిలేది సెల్యులోజే, వాళ్ల పోగు మాత్రం చివరిదాకా ఎసిటేట్‌గానే ఉంటుంది. అందుకే ఎసిటేట్ బట్ట మీద గోళ్లరంగు తుడిచే ద్రవం పడితే అక్కడ కరిగి రంధ్రం పడుతుంది. మీ ఇంట్లో తాతగారి కాలంనాటి చీర ఏదైనా ఉంటే ఈ ఒక్క జాగ్రత్త గుర్తుంచుకోండి.

సిర్పూర్ మనవడు
బుధవారం, ఉదయం 8.00

నాయనమ్మ బీరువాలో ఒక మెరుపు చీర ఉంది సార్. అమ్మకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. మీ మాట తాతయ్య చెప్పినట్టే ఉంది.

కార్బన్ టీచర్
బుధవారం, ఉదయం 8.40

చరిత్ర కూడా రెండు ముక్కల్లో రాస్తాను. ఫ్రాన్స్‌లో షార్డొనే అనే ఆయన తన కృత్రిమ పట్టుని 1889 పారిస్ ప్రదర్శనలో పెట్టాడు. అది నైట్రోసెల్యులోజ్ దారి, నిప్పుకి చాలా త్వరగా అంటుకునే పదార్థం. విస్కోస్ పద్ధతి ఇంగ్లండ్‌లో క్రాస్, బెవన్, బీడిల్ 1892లో కనిపెట్టారు. రేయాన్ అన్న పేరు 1924లో అమెరికాలో స్థిరపడింది. మన దేశంలో కేరళ పెరుంబావూర్ దగ్గర రేయాన్‌పురంలో 1950లో, మధ్యప్రదేశ్ నాగ్దాలో స్టేపుల్ ఫైబర్ 1954లో మొదలయ్యాయి. మన ములుగు జిల్లా మంగపేట మండలం కమలాపురంలో వెదురు, జామాయిల్ నుంచి రేయాన్ గ్రేడ్ గుజ్జు తీసేవాళ్లు, 2014లో ఉత్పత్తి ఆగిపోయింది. ఇదే విస్కోస్ ద్రవాన్ని రంధ్రాల బదులు సన్నని చీలికలోంచి వదిలితే సెల్లోఫేన్ కాగితం వస్తుంది. గట్టి రకం రేయాన్‌ని టైర్లలో తాడులా వాడతారు. ఆస్పత్రి దూదిపట్టీల్లో, తడి తుడుపు కాగితాల్లో, శానిటరీ ప్యాడ్లలో కూడా ఉంటుంది.

తార్నాక అక్క
బుధవారం, మధ్యాహ్నం 1.20

నేను అడిగింది ఒక కుర్తీ గురించి, మీరు చెప్పింది ఇంత. స్పిన్నింగ్ షిఫ్ట్ గారి పోస్టు మా పెద్దమ్మాయికి చదివి వినిపించాను, వాళ్ల నాన్న కూడా వచ్చి కూర్చుని విన్నారు.

ఇప్పుడు మిగిలిన మూడు మీటర్ల సంగతి. అసలు ఇది రేయానేనా, పాలిస్టర్ కలిసిందా అని ఇంట్లో ఎలా తెలుసుకోవాలి?

పోచంపల్లి పోగు
బుధవారం, మధ్యాహ్నం 2.40

అక్కా, పడుగులోంచి నాలుగు, పేకలోంచి (అడ్డంగా నేసిన పోగులు) నాలుగు పోగులు తీయండి. రెండూ వేర్వేరు నూలు కావచ్చు. స్టీలు ప్లేటు మీద, పట్టకారుతో పట్టుకుని కాల్చండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. గబగబా కాలి మెత్తని బూడిద రాలితే పత్తి లేదా రేయాన్. కరిగి నల్లని గట్టి పూస మిగిలితే పాలిస్టర్. బూడిదలో చేతికి గట్టిగా ఉండలు తగిలితే రెండూ కలిశాయి.

పత్తికీ రేయాన్‌కీ తేడా మంట చెప్పదు. దానికి నీళ్లు కావాలి. ఒక పోగు పొడిగా లాగండి, ఇంకో పోగు మధ్యలో తడిచేసి లాగండి. తడి దగ్గరే ఇట్టే తెగితే రేయాన్.

కుట్టుమిషన్ చిక్కడపల్లి
బుధవారం, సాయంత్రం 6.30

నా వైపు నుంచి ఉతికే పద్ధతి. చల్లనీళ్లు, కొంచెం సబ్బు, పది నిమిషాలు చాలు. రాత్రంతా నానబెట్టకండి. బ్రష్ వద్దు, బండకేసి బాదడం వద్దు. పిండకుండా రెండు చేతులతో వత్తి, పాత టవల్లో చుట్టి నీళ్లు తీయండి. తడి కుర్తీని భుజాల దగ్గర హ్యాంగర్‌కి వేలాడదీస్తే నీటి బరువుకి సాగుతుంది, తాడుమీద నడుం దగ్గర మడిచి నీడన వేయండి. కొంచెం తేమ ఉండగానే తిరగేసి ఓ మోస్తరు వేడితో ఇస్త్రీ. వాషింగ్ మిషన్ తప్పనిసరైతే జాలీ సంచిలో వేసి, తిప్పుడు తక్కువ పెట్టండి.

కొనేటప్పుడు "ఎన్ని కేజీల రేయాన్" అని అడగండి, అది బట్ట బరువుని చెప్పే బజారు లెక్క. 14 కేజీ అని కొట్టువాళ్లు చెప్పేది కుర్తీకి బాగుంటుంది, అంకె తగ్గితే బట్ట పలచన. వెలుగుకి పెట్టి చూడండి, పోగుల మధ్య సందులు కనబడితే కుట్టు దగ్గర జారిపోతుంది. చంక, పక్క కుట్లలో కొంచెం వదులు ఉంచమని మీ టైలర్‌కి చెప్పండి. మీ కుర్తీ చంక బిగువుగా కూడా ఉండి ఉంటుంది.

నాలుగో అంతస్తు
బుధవారం, రాత్రి 9.15

పాలిస్టర్ కంటే ఇది మేలా కాదా అని ఒక స్నేహితురాలు అడిగింది. ఉతికినప్పుడు రేయాన్ నుంచి ప్లాస్టిక్ నలుసులు రావు, మట్టిలో కుళ్లిపోతుంది, అది నిజం. గుజ్జు ఏ అడవిదన్నదీ, ప్లాంటులో గాలి ఎలా ఉందన్నదీ లేబుల్ మీద ఉండవు, అదీ నిజమే. నేను చేస్తున్నది ఒక్కటే. తక్కువ కొనడం, కొన్నది ఎక్కువ కాలం నిలబెట్టుకోవడం. అందుకే కుట్టుమిషన్ అన్న చెప్పిన ఉతికే పద్ధతి నాకు చిన్న విషయంగా అనిపించలేదు. అంతమంది చేతుల మీదుగా వచ్చిన బట్టని ఒక్క పిండుడుతో చింపేయకూడదు.

తార్నాక అక్క
శనివారం, సాయంత్రం 5.45

పరీక్షలు చేశాను. పడుగు, పేక రెండూ కాగితంలా కాలి బూడిదయ్యాయి, పూస లేదు. తడిపిన పోగు చిన్న లాగుడుకే తెగింది, పొడి పోగు వేలికి చుట్టి లాగినా గట్టిగా నిలిచింది. కాబట్టి రేయానే, కల్తీ లేదు. కొట్లో అబ్బాయి పాలిస్టర్ అంటగట్టలేదు.

మూడు మీటర్ల ముక్కని దారంతో అంచులు కుట్టి, అరగంట మామూలు నీళ్లలో ఉంచి, వత్తి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి కొలిచాను. పొడవు 300 సెంటీమీటర్ల నుంచి 287కి వచ్చింది. పన్నా ఒక్క సెంటీమీటరే తగ్గింది. ఇంకోసారి తడిపి ఆరేస్తే 286. ఇక ఆగినట్టే కదా?

కుట్టుమిషన్ చిక్కడపల్లి
శనివారం, సాయంత్రం 6.20

ఆగినట్టే అక్కా. ఇక ధైర్యంగా కత్తెర పెట్టొచ్చు. లైనింగ్ వేయించుకునేటట్టయితే ఆ గుడ్డని కూడా ఇలాగే తడిపి ఆరేయండి, లేకపోతే లోపలిది పొట్టిదై పైబట్టని లాగుతుంది. చిరిగిన కుర్తీ పారేయకండి. చంక కింద నలుపలకల ముక్క అతికితే మళ్లీ వేసుకోవచ్చు, అదే ప్రింటు ఉంది కాబట్టి అతుకు కనబడదు. మిగిలిన ముక్కలోంచి ఒక జానెడు దానికి అట్టిపెట్టండి.